హకు ‘వచ్చాడు’ అనాలా, ‘వచ్చారు’ అనాలా? క్రియ చివరే గుట్టు విప్పేస్తే ఎట్టా?

పెన్నాగట్టు (నెల్లూరు):
మన అనిమే (జపనీస్ యానిమేషన్) వికీలో హకు పేజీ అటూ ఇటూ మారుతూనే ఉంది, ఇక్కడ తేల్చుకుందాం. ‘నరుటో’ సిరీస్‌లో హకు అడవిలో మూలికలు ఏరుతూ కనిపించినప్పుడు చూసేవాళ్లు అమ్మాయే అనుకుంటారు. వెళ్లిపోతూ తాను అబ్బాయినని హకు చెప్పేదాకా నరుటో కూడా అట్టాగే అనుకుంటాడు. జపనీస్ క్రియకు లింగం లేదు, వచనం లేదు, కాబట్టి అక్కడ ఆ గుట్టు తేలిగ్గా నిలిచింది. మన క్రియ అట్టా కాదు. ‘అడవికి వచ్చాడు’ అని రాస్తే మొదటి వాక్యంలోనే అంతా బయటపడుతుంది, ‘వచ్చింది’ అని రాస్తే అబద్ధం అవుతుంది. అందుకే ఇట్టాంటి పాత్రలన్నిటికీ ‘వచ్చారు’ అనే రాయాలని నా ప్రతిపాదన.

ఒంగోలుగిత్త:
నేను ఒప్పుకోను అన్నా. ‘రు’ పెడితే మనిషి ఒకరా, పలువురా అన్నది పోతుంది. హకు నాయకుడు జబుజాతో కలిపి రాసి చూడండి: ‘జబుజా, హకు వంతెన మీదికి వచ్చారు. మంచు అద్దాలు సృష్టించారు.’ అద్దాలు ఎవరివి? చదివినవాళ్లు ఇద్దరివీ అనుకుంటారు, నిజానికి అవి హకువి మాత్రమే. ఇంకో చిక్కు: నరుటోకి ‘డు’, సకురాకి ‘ది’ రాసి ఆ ఈడు పిల్లల్లో హకు ఒక్కరికే ‘రు’ పెడితే, ఇక్కడేదో దాచారని ఆ అక్షరమే చెప్తుంది. వికీ పని ఉన్నది ఉన్నట్టు రాయడం. మన నెల్లూరు తిక్కన విరాటపర్వం చూడండి. బృహన్నల అర్జునుడేనని మొదటి నుంచీ అందరికీ తెలుసు, అయినా ఉత్తర గోగ్రహణం రుచి తగ్గిందా?

పెన్నాగట్టు:
అక్కడ మోసపోయేది విరాటుడి కొలువు తమ్ముడూ, చదివేవాడు కాదు. హకు ఘట్టంలో నరుటోతో పాటు చూసేవాడు కూడా పొరబడాలి, కథకుడు అట్టా కట్టాడు. రెండింటికీ ఒకే కొలత పనికిరాదు. అద్దాల వాక్యం సంగతి మాత్రం నువ్వు చెప్పిందే నిజం, ‘రు’ అక్కడ నిలవదు.

కావలి_అల:
ఇద్దరూ క్రియ చివరనే పట్టుకున్నారు. లింగం చెప్పని రూపాలు తెలుగులో చాలానే ఉండాయి. ‘వచ్చి, చూసి, ఏరుతూ’ వంటి అసమాపక క్రియలకు లింగం లేదు. ‘వచ్చిన, లేపిన’ వంటి ధాతుజ విశేషణాలకూ లేదు. ‘రావడం, లేపడం’ సరేసరి. అన్నిటికన్నా బాగా పనికొచ్చేది ‘రాలేదు’: అతను రాలేదు, ఆమె రాలేదు, వాళ్లు రాలేదు, మూడింటికీ ఒకటే. సర్వనామం కావాలంటే ‘తన’ ఉండనే ఉంది. రాసి చూపిస్తాను:

‘అడవిలో నిద్రపోతున్న నరుటోని హకు లేపడం, ఇద్దరూ మూలికలు ఏరుతూ మాట్లాడుకోవడం ఈ ఘట్టానికి ఆయువుపట్టు. తన శక్తి సంగతి హకు అప్పుడు బయటపెట్టలేదు.’

యాడా గుట్టు పోలేదు, అబద్ధమూ లేదు. ఇట్టా రెండు మూడు వాక్యాలు రాయొచ్చు, పేజీ అంతా రాస్తే ‘అడం, అడం’ అని చెవికి కొడుతుంది. అందుకే పరిచయం పేరా, అడవి ఘట్టం మాత్రమే ఇట్టా రాసి, ‘గుట్టు వీడిన తర్వాత’ అనే శీర్షిక కింద మామూలుగా ‘డు’ వాడాలి. ‘ఈ పాత్ర వస్తుంది’ అని తప్పించుకోవద్దు. ‘పాత్ర’ అనే మాట నపుంసకమే అయినా మన ఏకవచన క్రియలో స్త్రీకీ నపుంసకానికీ రూపం ఒకటే కాబట్టి, చదివేవాళ్లకు అమ్మాయే కనిపిస్తుంది.

‘అటాక్ ఆన్ టైటన్’లో హంజి సంగతి వేరు. మాంగాలో (జపనీస్ కామిక్‌లో) రచయిత ఆ పాత్ర లింగం తేల్చలేదు, కాబట్టి అక్కడ దాచడానికి ఏమీ లేదు. ఆ పేజీ మొత్తం ‘రు’ రాయాలి. అయితే హంజి కూడా దళనాయకత్వం చేసిన మనిషి కదా, అదే కథలో నాయకులైన లీవై, ఎర్విన్ పేజీలకు కూడా ‘రు’ పెట్టండి. ఒక్కరికే పెడితే గిత్త చెప్పిన చిక్కే వస్తుంది.

సోమశిల24:
వాక్యం ఎంత జాగ్రత్తగా రాసినా సమాచారపెట్టె, బొమ్మల దగ్గర అంతా పోతోంది. సమాచారపెట్టెలో ‘లింగం’ గడి నింపగానే మూస (ఆ పెట్టెను తయారుచేసే అచ్చు) దానంతట అదే పేజీ అడుగున ‘పురుష పాత్రలు’ వర్గం చేర్చేస్తుంది. గడి ఖాళీగా ఉంటే వర్గం చేర్చకుండా మూసలో షరతు పెట్టాలి. ‘హకు_అబ్బాయి’ లాంటి పేర్లతో ఎక్కించిన ఫైళ్లు ఉండాయి, బొమ్మ మీద నొక్కితే ఆ పేరే పైన కనిపిస్తుంది. వాట్సాప్‌లో లింకు పంపితే దాంతో పాటు పేజీలోని మొదటి బొమ్మ కూడా వెళ్తుంది కాబట్టి పైన హకు ముసుగు వేసుకున్న బొమ్మ వద్దు, ముసుగు మనిషి హకునే అన్న ఇంకో గుట్టు అది విప్పుతుంది. మూలికల ఘట్టంలోని బొమ్మే పెట్టాలి. దాచు-చూపు పెట్టెను నమ్ముకోవద్దు, కొన్ని ఫోన్లలో అది తెరిచే ఉంటుంది.

బొమ్మ తీసేటప్పుడు: 2002లో మొదలైన ఈ సిరీస్ 4:3 కొలతది. 1920×1080 ఫ్రేములో పక్కల నల్లపట్టీలు కోస్తే 1440×1080 మిగలాలి. అడ్డంగా సాగదీసిన బొమ్మలో మొహం వెడల్పవుతుంది, ఇప్పుడున్నది అట్టాంటిదే. ఎంపీవీ అనే వీడియో ప్లేయర్‌లో చిన్న ఎస్ నొక్కితే సబ్‌టైటిల్‌తో, షిఫ్ట్‌తో ఎస్ నొక్కితే సబ్‌టైటిల్ లేకుండా బొమ్మ వస్తుంది. చుక్క నొక్కితే ఒక్కో ఫ్రేమే జరుగుతుంది. అనిమేలో గీసిన ఒకే బొమ్మ సాధారణంగా రెండు మూడు ఫ్రేములు నిలుస్తుంది, కదలిక మధ్యలో చెదిరినది కాకుండా ఆ నిలిచినది పట్టుకోండి. పీఎన్‌జీగానే దాచండి. జేపెగ్ చేస్తే నల్లగీతల చుట్టూ మురికిలా చుక్కలు పడతాయి, మళ్లీ మళ్లీ దాచే కొద్దీ పెరుగుతాయి. ఏఐతో పెద్దవి చేసిన బొమ్మలు అసలు వద్దు, గీత లావై కళ్ల ఆకారం మారుతుంది. సినిమా హాల్లో ఫోనుతో తీసిన బొమ్మలు ఎవరు పంపినా తీసేస్తాను. 2023 సవరణ తర్వాత సినిమాటోగ్రాఫ్ చట్టం కింద అది కనీసం మూడు నెలల జైలు పని.

ఒంగోలుగిత్త:
బొమ్మల సంగతి ఒప్పుకుంటున్నా. కావలి అక్క రాసిన పేరా కూడా బాగుంది, హకు పేజీకి అదే పెట్టండి. కానీ లీవైకి ‘రు’ మాత్రం నాకు మింగుడు పడదు, ఆ పేజీ చర్చలో అభ్యంతరం రాస్తాను. ఇంకోటి, ఇంగ్లీషు సబ్‌టైటిల్ చూసి ‘బ్రదర్’ని ఇష్టమొచ్చినట్టు రాస్తున్నారు. జపనీస్ ఆడియో వినండి: నీసాన్ అంటే అన్న, ఒతోతో తమ్ముడు, నేసాన్ అక్క, ఇమోతో చెల్లెలు. ‘ఒజి’ (ఇంగ్లీషు ‘అంకుల్’) వచ్చినప్పుడు దాని కంజీ (జపనీస్ లిపి అక్షరం) చూస్తే అమ్మానాన్నలకు పెద్దవాడా, చిన్నవాడా తెలుస్తుంది గానీ మేనమామా, బాబాయా అన్నది తెలియదు. అది కథలో వెతికి రాయాలి.

సోమశిల24:
హకు ఫైళ్ల పేర్లు ఈ రాత్రికి మారుస్తాను. పేరు మారిస్తే పాత పేరు దారిమార్పుగా (కొత్త పేరుకు తీసుకెళ్లే లింకుగా) మిగిలి వెతుకులాటలో కనిపిస్తుంది. పెన్నా అన్నా, మీకు నిర్వాహక హక్కులు ఉండాయి కదా, ఆ దారిమార్పులు తొలగించండి. తొలగించే ముందు ‘ఇక్కడికి లింకున్న పేజీలు’ చూసుకోండి, లేకపోతే జబుజా పేజీలో బొమ్మ బదులు, ఫైలు లేదని చెప్పే ఎర్ర లింకు పడుతుంది.