సంఘకాపరి పల్లెలోనే కాపురం ఉండాలా, ఆదోని నుంచి వచ్చిపోతే చాలదా?

కర్నూలు తమ్ముడు:
అందరికీ వందనాలు. వేదాంత చదువు ముగించి కర్నూలులో ఒక పెద్ద సంఘంలో సహాయ కాపరిగా ఉన్నాను. కోసిగి పక్క ఒక పల్లె నుంచి పిలుపు వచ్చింది. నలభై కుటుంబాల బాప్టిస్టు సంఘం, చాలాకాలంగా కాపరి లేడు. మాకు ఇద్దరు చిన్న పిల్లలు. ఆదోనిలో ఇల్లు తీసుకుని ఆదివారం ఆరాధనకు, బుధవారం కూటానికి బండి మీద వెళ్లొస్తానన్నాను. పెద్దల్లో సగం మంది ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

ఆలూరు సంఘపెద్ద:
ఒప్పుకోకపోవడమే న్యాయం తమ్ముడూ. చావు ఆదివారం చూసుకుని రాదు. మా ఊళ్లో రాత్రి పాము కరిచి ఒక పిల్లోడు పోతే, తెల్లారి సమాధి దగ్గర ప్రార్థన చేయడానికి పక్కూరి వాళ్లను బతిమాలి పిలుచుకొచ్చుకున్నాం. మా కాపరి అప్పుడు టౌన్‌లో ఉండేవాడు. ప్రసంగం బాగా చెప్పేవాడు, ఆ మాట కాదనను. కానీ ఆ తల్లి మళ్లీ మందిరానికి రాలేదు.

ఇంకోటి. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లకు బిషప్ గారు ఉంటారు, కాపరిని ఆయన వేస్తారు, ఆయన మారుస్తారు. మనకు అలా లేదు. సంఘమే కూర్చుని, ఓటు వేసి, కాపరిని పిలుచుకుంటుంది. అలా పిలిచిన మనిషి మా మధ్య ఉండాలని కోరడం తప్పెలా అవుతుంది?

పత్తికొండ పాస్టరమ్మ:
పెద్దాయనా, మీ బాధ నాకు తెలుసు. మేం పల్లెలోనే ఉన్నాం, ఇక్కడే ఉంటాం. అయితే పిలిచే హక్కుతో పాటు పోషించే బాధ్యత కూడా సంఘానిదే కదా, దాని గురించి ఎవరూ మాట్లాడరేం? టమోటా ధర పడిపోయిన నెలలో మా కానుకల పెట్టెలో చిల్లర తప్ప ఏమీ ఉండదు. అక్కలు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు తీసిపెట్టే పిడికెడు బియ్యమే మా ఇంట్లో అన్నం. ఆ బియ్యం విలువ నాకు తెలుసు, కంటికి అద్దుకుని వండుతాను. కానీ బియ్యంతో స్కూలు ఫీజు కట్టలేం. మా ఆయన అడగలేరు, అడిగితే డబ్బు మనిషి అంటారు. నేను అడిగితే ఇంకా పెద్ద మాట వస్తుంది.

తమ్ముడూ, మీ భార్య ఏమంటోంది? మీరు రాసిన దాంట్లో ఆమె మాట ఒక్కటీ లేదు. సంఘం ఆయన్ను పిలుస్తుంది, పని మాత్రం ఇద్దరితో చేయించుకుంటుంది. సండే స్కూలు, స్త్రీల కూటం, రోగుల ఇళ్లు, అన్నీ ఆమె మీదే పడతాయి.

ఆదోని టీచర్:
నేను తమ్ముడి వైపే. ఆ ప్రాంతం నాకు బాగా తెలుసు. పత్తి పని అయిపోగానే కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి పోతాయి, మిరపకాయ కోతలకు గుంటూరు వైపు. పిల్లల్ని కూడా తీసుకుపోతారు. మా క్లాసులు సగం ఖాళీ అవుతాయి. ఆ నెలల్లో తాళాలేసిన ఇళ్ల మధ్య కాపరి కుటుంబం ఎవరి కోసం ఉండాలి? ఆదోనిలో ఉంటే ఆయన పిల్లల చదువైనా నిలబడుతుంది.

ఆలూరు సంఘపెద్ద:
టీచరు గారూ, ఇళ్లకు తాళాలు పడినా ముసలివాళ్లు ఊళ్లోనే ఉంటారు. బడి మానకూడదని అవ్వల దగ్గర వదిలేసిన పిల్లలూ ఉంటారు. కాపరి అవసరం అప్పుడే ఎక్కువ.

సుగ్గికి పోయినవాళ్ల సంగతికి వస్తే, మన తెలుగు బాప్టిస్టు సంఘం పెద్ద ఎత్తున పెరిగింది కరువు పని తర్వాతే. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నారు. తెలుగు బోధకులు ఆ కూలీల మధ్యే ఉండి పని చూశారు, సాయంత్రాలు వాక్యం చెప్పారు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు ఉన్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. ఇచ్చింది తెలుగు బోధకులే. జనం ఎక్కడ పని చేస్తే వాళ్లూ అక్కడే ఉన్నారు కాబట్టే అది జరిగింది. సుగ్గికాలంలో ఒకసారి గుంటూరు వైపు పోయి, మన వాళ్ల గుడారాల దగ్గర నాలుగు రాత్రులు ఉండి రమ్మంటాను నేను.

పత్తికొండ పాస్టరమ్మ:
ఆ మాట బాగుంది. బస్సు చార్జీ కూడా సంఘమే పెట్టాలని రాసుకోండి మరి. నోటిమాట వద్దు, మినిట్స్ బుక్‌లో రాయాలి: నెలకు ఎంత, ఏ తారీఖున, ఇల్లు ఎవరిది, సుగ్గి నెలల్లో ఎలా. పంట చేతికొచ్చినప్పుడు కొంత తీసి బ్యాంకులో వేస్తే ఆ నెలలు గడుస్తాయి. ఇవేవీ రాయకుండా ఊళ్లో ఉండి తీరాలనడం అన్యాయం.

ఆలూరు సంఘపెద్ద:
ఒప్పుకుంటున్నానమ్మా. రాయాల్సిందే.

కర్నూలు తమ్ముడు:
అక్కా, మీరడిగాక ఇంట్లో కూర్చుని మాట్లాడాను. ఊళ్లో ఉండటానికి ఆమెకు అభ్యంతరం లేదు. మందిరం వెనక గదికి మరుగుదొడ్డి లేదు, అది కట్టించాకే వస్తానంటోంది. ఈ షరతు, మీరు చెప్పినవన్నీ కాగితం మీద పెట్టి పెద్దలకు పంపుతున్నాను. వాళ్లు సరే అంటే ఆదోని ఇల్లు వద్దనుకుంటాం. పెద్దోణ్ణి కోసిగి బడిలో వేయాలి, టీచరు గారూ, అక్కడ ఎవరిని కలవాలో చెప్తారా?