అమీర్‌పేటలో పరిచయం పెంచుకుని గొలుసుకట్టు స్కీములో చేర్చారు, ఫిర్యాదు ఎలా రాయాలి?

మా తమ్ముడు అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుంటున్నాడు. మార్చిలో టిఫిన్ సెంటర్ దగ్గర ఒకతను "ఏ ఊరు మీది" అంటూ మాట కలిపి, వారం తిరక్కుండానే హోటల్లో మీటింగ్‌కి తీసుకెళ్లాడు. కంపెనీ పేరు చివరిదాకా చెప్పలేదట. పైగా "ఇంట్లో ఇప్పుడే చెప్పకు" అన్నారట, నాకు ఎక్కువ భయం వేసింది ఆ మాటకే. 1,20,000 రూపాయలు రెండు విడతలుగా ఆ మనిషి సొంత ఖాతాకే యూపీఐలో వెళ్లాయి. ఇచ్చింది ఒక వాచీ, ఒక ఐడీ. తన కింద ఎడమ వైపు ఒకరిని, కుడి వైపు ఒకరిని చేర్పిస్తేనే కమిషన్.

అతను ఫోన్ ఎత్తడం లేదు. కంపెనీకి మెయిల్ పెడితే "వస్తువు అందింది, రీఫండ్ లేదు" అన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేసినా కంపెనీ నుంచి అదే జవాబు. స్టేషన్‌లో "ఇష్టపడే కట్టాడుగా, సివిల్ మేటర్" అని పంపేశారు. కానీ మనుషుల్ని చేర్పించినందుకే డబ్బిచ్చే స్కీముల మీద 1978 నుంచే నిషేధ చట్టం ఉంది, 2021 డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలూ ఇలాంటి గొలుసుకట్టు (పిరమిడ్) స్కీములు నడపకూడదంటున్నాయి. యూపీఐ రసీదులు, వాట్సాప్ చాట్, మీటింగ్ ఆడియో మా దగ్గరున్నాయి.

ఇలాంటి కేసులో 1978 చట్టం కింద ఎఫ్ఐఆర్ నమోదు చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఫిర్యాదు ఏ అధికారికి, ఏ ఆధారాలతో ఇచ్చారో చెప్పగలరా?