స్వలింగ ఆకర్షణ ‘ప్రకృతి విరుద్ధం’ అనే వాదనలో పస ఎంత?

చదువరి:
ఈ చర్చ ఎప్పుడూ ఒకేచోట తిరుగుతుంది. ఒకరు “ప్రకృతి విరుద్ధం” అంటారు, ఇంకొకరు “జంతువుల్లోనూ ఉందిగా” అంటారు. ఇంతకీ ఆ మాటకు అర్థమేమిటి? పిల్లలు పుట్టే దారి లేనప్పుడు ఈ లక్షణం తరాల తరబడి ఎలా నిలిచింది?

తర్కం:
ముందు ‘విరుద్ధం’ అంటే ఏమిటో అన్నవాళ్లనే చెప్పమనండి. వాదన బోల్తా పడేది అక్కడే. అరుదైనది అంటారా? ఎడమచేతి వాటం పదిమందిలో ఒక్కరికే ఉంటుంది. మనిషి చేసుకున్నది అంటారా? కళ్లజోడూ అంతే. కాస్త గట్టిగా కనబడేది మూడోది: అవయవాన్ని దాని పనికి కాక వేరేదానికి వాడటం. కానీ తినడానికున్న నోటితో పాడితే ఎవరూ తప్పనరు. నెలసరి ఆగిపోయిన భార్యతో భర్త కలిస్తే సంతానం కలగదు, అయినా దాన్ని ఎవరూ విరుద్ధమనరు. కాథలిక్ బోధన గర్భనిరోధకాలనూ కాదంటుంది కాబట్టి అందులో కొంత నిలకడ ఉంది, అదీ ముదిమి వయసు పెళ్లిని ఒప్పుకుంటుంది. మాట ‘అరుదు’తో మొదలై ‘చెడు’ దగ్గర తేలుతుంది. అర్థం ఎక్కడ మారిందో పట్టుకోండి, చాలు.

జీవశాస్త్రం:
జంతువుల సంగతి జాగ్రత్తగా చెప్పాలండి. మగవాటినే ఒక దొడ్లో ఉంచితే ఒకదానిమీదొకటి ఎక్కుతాయి, అంతమాత్రాన అది ఇష్టం కాదు. అందుకే పరీక్షలో ఎదకొచ్చిన ఆడ గొర్రెలనూ పొట్టేళ్లనూ ఒకేసారి ముందుంచుతారు. అప్పుడు కూడా సుమారు 8 శాతం పొట్టేళ్లు పొట్టేళ్లనే ఎంచుకున్నాయి. మెదడులో లైంగిక ప్రవర్తననూ నియంత్రించే హైపోథాలమస్ అనే భాగం దగ్గరున్న ఒక కణాల గుంపు, ఆడవాటిని కోరే పొట్టేళ్లలో వీటికన్నా రెట్టింపు ఉంది.

హవాయిలోని ఓహూ దీవిలో ఉండే లేసన్ ఆల్బట్రాస్ అనే సముద్రపు పక్షుల కథ వేరు. అక్కడ 31 శాతం జంటల్లో రెండూ ఆడవేనని 2008లో తేలింది. మగవి తక్కువ కాబట్టి రెండు ఆడవి కలిసి పిల్లను పెంచుతాయి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

జన్యువులు:
రెండో ప్రశ్నకు: దీనికి ‘ఒక్క జన్యువు’ లేదు. 2019లో 4.7 లక్షలకు పైగా మందిని పరిశీలిస్తే జన్యుపదార్థంలో దీనితో సంబంధం బలంగా కనబడ్డ చోట్లు ఐదే, వాటి ప్రభావం కూడా బహు స్వల్పం. చిన్నచిన్న తేడాలు వేలల్లో కలిసి పనిచేస్తాయి, వాటిని మోసేవాళ్లలో ఎక్కువమందికి పిల్లలుంటారు. ఇవి నిలవడానికి అదొక దారి. జన్యువులు కానిదీ ఒకటుంది. ఒకే తల్లికి పుట్టిన అన్న ఒక్కొక్కరికీ తమ్ముడిలో స్వలింగ ఆకర్షణ ఉండే అవకాశం మూడో వంతు పెరుగుతుంది, అంటే 2 శాతం ఉన్నది సుమారు 2.6 అవుతుంది. కలిసి పెరిగిన సవతి అన్నలతో ఈ తేడా రాదు, అందుకే కారణాన్ని పెంపకంలో కాక గర్భంలో వెతుకుతున్నారు.

చదువరి:
అయితే గొర్రెల ఉదాహరణతో వాదన ముగిసినట్టేనా?

తర్కం:
లేదండి. మగ సింహం పరాయి కూనల్ని చంపుతుంది, అది సహజమే, అయినా మనకు ఆదర్శం కాదు. “ప్రకృతిలో ఎక్కడా లేదు” అనే మాటను కొట్టేయడం వరకే గొర్రెలు పనికొస్తాయి. 1973లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ (అమెరికా మానసిక వైద్యుల సంఘం) స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితాలోంచి తీసేసింది జంతువుల్ని చూసి కాదు. ఈ ఆకర్షణ తనంతట తానుగా మనిషికి బాధనో, బతుకు సాగించలేని స్థితినో తెచ్చిపెట్టదని. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే పని 1990 మే 17న చేసింది.