అక్టోబరు 18 కార్యక్రమం: పనులు ఎవరెవరికి (ఇవాళే జవాబివ్వండి ప్లీజ్)

సెక్రటరీ, సోమవారం రాత్రి 9:10
అందరికీ నమస్కారం. ఇక్కడ యూకేలో జరిపే యాంటీ స్లేవరీ డేకి (బానిసత్వ వ్యతిరేక దినానికి) ఇంక పన్నెండు రోజులే ఉంది, ఫ్లయర్ రేపు మధ్యాహ్నంలోగా ప్రింటుకి వెళ్లకపోతే ఇక వెళ్లనట్టే.
1. హాలు బ్యాలెన్స్: ట్రెజరర్
2. ఫ్లయర్ చివరి ప్రూఫు: మీడియా
3. ప్రొజెక్టర్, మైకు: స్టేజ్ టీమ్
4. వక్త గారిని స్టేషన్ నుంచి తేవడం: ??
5. కుర్చీలు, రిజిస్ట్రేషన్ టేబుల్: ??
4, 5కి పేర్లు కావాలి.

ట్రెజరర్, 9:34
ఒకటో నంబరు దగ్గరే ఆగిపోయాం. మన బ్యానర్ స్పాన్సర్, అదే ఉద్యోగాల కన్సల్టెన్సీ ఆయన, ఇప్పుడే ఫోన్ చేసి తప్పుకున్నారు. ఫ్లయర్ ప్రూఫు ఎవరో ఆయనకి పంపారట. అందులో "ఉద్యోగం చూపించినందుకు ఏజెన్సీ మీ దగ్గర డబ్బు తీసుకోవడం యూకేలో చట్టవిరుద్ధం" అనే లైను తనని ఉద్దేశించిందే అంటున్నారు. ఆ లైను తీసేస్తే రేపు పొద్దున్నే డబ్బు వేస్తారట. తీయకపోతే హాలుకి 480 పౌండ్లు మనమే చూసుకోవాలి. అకౌంట్లో అంత లేదు, ఎందుకు లేదో మళ్లీ చెప్పించకండి.

మీడియా, 9:41
పంపింది నేనే, లోగో సైజు సరిపోయిందో లేదో చూడమని. లైను మాత్రం తీయను. అదేమీ నా సొంత అభిప్రాయం కాదు, 1973 నాటి ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీస్ చట్టంలో ఉన్నదే. ఆయన భుజాలు తడుముకుంటే మనమేం చేస్తాం?

స్టేజ్ టీమ్, 9:52
ఒక్క లైనే కదా బాబూ. ఫ్లయర్లో తీసేసి, వక్త గారితో నోటితో చెప్పిస్తే సరిపోదా? ఉగాదికి ఆయన డబ్బు తీసుకున్నప్పుడు ఎవరూ ఏమీ అనలేదు.

కిచెన్ అక్క, 9:55
అనాల్సింది. నేనూ అనలేదు, ఒప్పుకుంటున్నా.

స్టేజ్ టీమ్, 10:03
సరే అక్కా, ఇంకో మాట కూడా అనేస్తా, తర్వాత అందరూ తిట్టండి. అసలు దీన్ని బానిసత్వం అనడం ఎక్కువ కాదా? వృద్ధులని చూసుకునే కేర్ హోమ్‌లో ఓవర్‌టైం చేయించి డబ్బులు సరిగా ఇవ్వకపోతే అది చెడ్డ యజమాని అంతే. ఎవరినీ గదిలో పెట్టి తాళం వేయలేదుగా. సాఫ్ట్‌వేర్ రిలీజ్ ముందు మేమూ శని ఆదివారాలు పనిచేస్తాం, మరి మేం బానిసలమా?

మీడియా, 10:09
నీ లాప్‌టాప్ మూసేసి రేపే మానేయొచ్చు నువ్వు. కేర్ వీసా మీద వచ్చినవాళ్లు మానేస్తే వీసా పోతుంది. తేడా అర్థం కావట్లేదంటే నేను నమ్మను.

సెక్రటరీ, 10:10
ఇద్దరూ కాస్త ఆగండి. 4, 5 ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

కొత్త సభ్యురాలు, 10:47
నేనిక్కడ ఎప్పుడూ రాయలేదు. 2022లో కేర్ వీసా మీదే వచ్చాను. వారానికి 39 గంటల పని అని కాగితం మీద ఉంది, ఇచ్చింది కొన్ని వారాల్లో 12 గంటలే, ఆ జీతంలోంచే యజమాని వాళ్లింట్లో గదికి అద్దె కట్ చేసుకునేవాళ్లు, మిగిలింది ఇంటికి పంపితే, ఇక్కడికి రావడానికి చేసిన అప్పు వడ్డీకే చాలేది కాదు. అడిగితే వీసా స్పాన్సర్‌షిప్ క్యాన్సిల్ చేస్తామన్నారు. అది పోతే ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి మామూలుగా 60 రోజులే ఇస్తారు. అన్నయ్య గారు తాళం అన్నారు కదా, నా గదికి తాళం నా దగ్గరే ఉండేది, పాస్‌పోర్టూ నా బ్యాగులోనే ఉండేది. కానీ అంత అప్పు నెత్తిన పెట్టుకుని ఎక్కడికి వెళ్తాను? ఎనిమిది నెలలు అలాగే గడిచాయి.
ఇంకొకటి. అప్పుడు మీరు ఈ ప్రోగ్రాం పెట్టి ఉంటే నేను వచ్చేదాన్ని కాదు. ముందు వరసలో కన్సల్టెన్సీ వాళ్లు కూర్చుంటారు, ఫొటోలు తీసి ఫేస్‌బుక్‌లో పెడతారు. ఎలా వస్తాం?

స్టేజ్ టీమ్, 11:20
చెల్లీ, క్షమించు. తెలియక వాగాను.

మీడియా, 11:31
నేనూ గట్టిగా మాట్లాడాను, సారీ. అంతర్జాతీయ కార్మిక సంస్థ బలవంతపు చాకిరీకి చెప్పే 11 గుర్తుల్లో అప్పుతో కట్టిపడేయడం, జీతం ఆపడం, బెదిరించడం అన్నీ ఉన్నాయి. 2021 లెక్కల్లో ప్రపంచం మొత్తం మీద సుమారు 5 కోట్ల మంది ఆధునిక బానిసత్వంలో ఉన్నారన్నారు, అందులో 2.8 కోట్లు బలవంతపు చాకిరీ. "మోడ్రన్ స్లేవరీ" అంటే మనవాళ్లకి ఏదో సినిమా గుర్తొస్తుంది, వెట్టి అంటే చటుక్కున తెలుస్తుంది. ఫ్లయర్ మీద ఆ మాటే పెడదామా?

కొత్త సభ్యురాలు, 11:38
వద్దండి. వెట్టి అంటే పరువు తక్కువ, నాకు కాదులే అనుకుంటారు. "మీ జీతంలోంచి ఏం కట్ చేస్తున్నారో మీకు తెలుసా?" అని అడగండి. అది మాత్రం అందరూ చదువుతారు.

ట్రెజరర్, మంగళవారం ఉదయం 7:15
హాలు వాళ్లకి ఫోన్ చేశా. తేదీ మార్చరట, డిపాజిట్ వెనక్కి రాదట. నేనొక 100 వేస్తా, ఇంకెవరైనా?

కిచెన్ అక్క, 7:40
హాలు వదిలేద్దాం. రావాల్సినవాళ్లు రానే రారని ఆ అమ్మాయి చెప్పింది కదా, మనకి మనమే ఉపన్యాసం చెప్పుకోవడానికి 480 ఎందుకు? మన దీపావళి ఫంక్షన్‌కి అందరూ ఎలాగూ వస్తారు. అక్కడ ఏం చేయగలమో చూద్దాం.

స్టేజ్ టీమ్, 7:44
స్టేజి మీద రెండు నిమిషాలు అనౌన్స్‌మెంట్?

కొత్త సభ్యురాలు, 8:02
బాత్రూం తలుపుకి లోపలివైపు కాగితం పెట్టండి. అక్కడైతే ఎవరూ చూడరు. కింద నంబరు చీటీలుగా కత్తిరించి పెడితే చింపుకుని పోవచ్చు. చీటీ మీద నంబరు ఒక్కటే ఉండాలి, ఇంకేమీ రాయొద్దు, నా ఫోన్ కూడా వాళ్లు చూసేవాళ్లు.

మీడియా, 8:10
నంబరు 08000 121 700, మోడ్రన్ స్లేవరీ హెల్ప్‌లైన్. పేరు చెప్పకుండా మాట్లాడొచ్చు, దుబాసీని అడగొచ్చు. ప్రాణం మీదకొస్తే 999. ఒక్క విషయం ముందే చెబుతున్నా, మనలో ఎవరూ హీరోగిరీకి పోవద్దు. ఎవరైనా వచ్చి చెప్పుకుంటే వాళ్ల యజమానికి ఫోన్ చేసి నిలదీయకండి, దాని ఫలితం వాళ్ల మీదే పడుతుంది. బాధితులని అధికారికంగా నమోదు చేసే నేషనల్ రిఫరల్ మెకానిజంలోకి పంపే అధికారం పోలీసులు, స్థానిక కౌన్సిల్, సాల్వేషన్ ఆర్మీ అనే సేవా సంస్థ లాంటి కొందరికే ఉంది, సంఘానికి లేదు. పెద్దవాళ్లయితే వాళ్ల ఒప్పుదల ఉండాలి.

సెక్రటరీ, 8:25
బాగుంది. మరి వక్త గారికి ఏం చెప్పాలి? ప్రొజెక్టర్ బుకింగ్?

కిచెన్ అక్క, 8:31
చీటీలు ఎన్ని కత్తిరించాలి? మా పిల్లలు ఇంట్లోనే ఉన్నారు.

ట్రెజరర్, 8:36
దీపావళి బ్యానర్ మీద కూడా ఆయన లోగో ఉంది. ఆ డబ్బు ఇంకా రాలేదు. ఏం చేద్దాం?

సెక్రటరీ, 8:40
అది కమిటీ మీటింగులో మాట్లాడదాం.

మీడియా, 8:41
ఇక్కడే మాట్లాడదాం.

ట్రెజరర్, 8:58
లోగో తీసేయండి. నేను వేస్తానన్న 100 దానికి పెట్టండి, మిగతాది టికెట్ల డబ్బులో సర్దుతా. ఆయనకి ఫోన్ కూడా నేనే చేస్తా.

మీడియా, 11:50
ప్రింటుకి పంపేశా. ఏజెన్సీ లైను అన్నిటికంటే పైన పెట్టా.

కొత్త సభ్యురాలు, 12:05
ఆడవాళ్ల వైపు నేను అంటిస్తాను. టేపు వద్దండి, రంగు లేచిందంటే హాలు వాళ్లు కాగితాలన్నీ పీకేస్తారు.

స్టేజ్ టీమ్, 12:09
నా దగ్గర బ్లూటాక్ (కాగితాలు అంటించే జిగురు ముద్ద) ఉంది చెల్లీ. మగవాళ్ల వైపు నేను చూసుకుంటా.