‘పలికించెడివాఁడు’నా, ‘పలికించు విభుండు’నా?

మూడు లాంతర్లు (విజయనగరం):
పోతన పద్యంలో ఒక పాదం వారం రోజులుగా నిద్రపట్టనివ్వడం లేదు. సందర్భం చెప్తే నవ్వుతారు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుల్లో కొంత తీసి హాల్లో ఐదు స్పీకర్లు, ఒక సబ్‌ఊఫరు, వాటన్నిటికీ కలిపి ఒక ఏవీ రిసీవరు (వాటికి శబ్దం పంచే పెట్టె) పెట్టించాను. బిగించడానికి వచ్చిన కుర్రాడు శ్రీకాకుళం వైపు వాడు. మా ఆవిడ ఆ నల్ల పెట్టె దగ్గర చెవి పెట్టి "ఇంత బరువుంది, ఇందులోంచి సౌండు రాదేమిటి బాబూ" అంటే, వాడు వైరు కొస ఒలుస్తూ తలెత్తకుండానే "ఇది పలకదమ్మా. ఇది పలికించీది. పలికీవి అవి" అన్నాడు.

అంతే, "పలికెడిది భాగవతమట" నోట్లోకి వచ్చేసింది. రెండో పాదం దగ్గర ఆగిపోయాను. మా నాన్నగారు "పలికించు విభుండు రామభద్రుండట" అని చదివేవారని చెవికి గుర్తు. పుస్తకం తీస్తే "పలికించెడివాఁడు రామభద్రుం డఁట" అని ఉంది. చెవిని నమ్మాలా, అచ్చును నమ్మాలా?

కందం గిలకలు:
రెండూ గణాలకి సరిపోతాయి, అదీ చిక్కు. "చెడివా" సగణం, "చువిభుం" కూడా సగణమే. ఆ తర్వాతి "డురామ" రెండు పాఠాలకీ ఉమ్మడి సొత్తు. కందంలో ఆరో గణం కనక జగణమో నలమో కావాలి, జగణం పడింది. యతి "భద్రుం" మీద, దానికీ ఢోకా లేదు. కాబట్టి ఈ తగువు ఛందస్సు తీర్చదు. చివరి "నేలా" దీర్ఘం సంగతి మాత్రం ఎవరూ ఎత్తకండి, కిందటిసారి దానితోనే సంక్రాంతి వెళ్ళిపోయింది.

ఏడురోడ్లు (శ్రీకాకుళం):
వాడే. ఇందులో అనుమానించడానికేముంది మాస్టారూ? పలికెడిది, పలికించెడివాఁడు. ఆ "ఎడి" రెండుసార్లు కొట్టుకోవాలి, అప్పుడే పోతన. మధ్యలో "విభుండు" వచ్చి కూర్చుంటే పెళ్ళిపందిట్లో కలెక్టరు వచ్చినట్టు ఉంటుంది. పైగా దేవుణ్ణి "వాడు" అనడం ఆయనకి అలవాటే. నల్లనివాఁడు, పద్మనయనంబులవాఁడు, కృపారసంబు పైఁ జల్లెడువాఁడు. ఆ పద్యంలో ఎన్ని వాళ్ళున్నారో లెక్కపెట్టండి, ఒక్క విభుడైనా ఉన్నాడేమో చూడండి.

పెద్దచెరువు:
అది గోపికల మాట. వాళ్ళు ఏమైనా అంటారు. ఇది అవతారికలో కవి తన నోటితో చెప్పుకున్నది. గ్రహణం నాడు గంగ ఇసుకతిన్నె మీద రామభద్రుడు ఎదుట నిలబడి తన పేర తెనుగు చెయ్యమన్న తర్వాత రాసుకున్న పద్యం. అప్పుడు "విభుండు" అనే వినయం ఉండదంటారా? మా ఇంట్లో మూడు తరాలు విభుండే చదివాం. పాడేటప్పుడు "భుం" మీద గొంతు నిలబెట్టడానికి ఎంత బాగుంటుందో పాడినవాళ్ళకి తెలుస్తుంది.

ఏడురోడ్లు:
"వా" మీద నిలబడదా గొంతు? దీర్ఘం అండీ అది.

నాగావళి:
మీరిద్దరూ కొట్టుకుంటూ అసలైన దాన్ని వదిలేశారు. ఆ కుర్రాడి మాటలో ‘పలికీవి’ స్పీకర్లు, అంటే మాట్లాడేవి. పద్యంలో ‘పలికెడిది’ భాగవతం, అంటే పోతన నోటితో పలకబోయేది. ఒకచోట కర్త, ఒకచోట కర్మ. మన ధాతుజ విశేషణంతో వచ్చిన తంటా ఇది. "తినే పిల్ల", "తినే అన్నం" అంటాం. క్రియ ఒకటే, తినేది ఎవరో, తినబడేది ఏదో మనమే తెలుసుకోవాలి. కనక మూడు లాంతర్ల మాస్టారూ, మీకు ఆ పద్యం గుర్తు రావడమే పొరపాటు పోలిక మీద వచ్చింది.

పెద్దచెరువు:
పొరపాటు ఎందుకయిందమ్మా? భాగవతమే పలుకుతోంది, పోతన గొంతు వట్టి పెట్టె, పలికించేది రాముడు అని ఎందుకు చదవకూడదు? వీణ పలికింది అంటాం, మద్దెల పలకడం లేదు అంటాం. ద్వారం వెంకటస్వామినాయుడు గారి ఊళ్ళో ఉండి ఫిడేలు పలుకుతుందా లేదా అని అడగాలా?

నాగావళి:
చదవచ్చు. కానీ మూడో పాదంలో "నేఁ బలికిన" అని కర్తని చేతిలో పెట్టాడు కదండీ. పలికేది నేను, పలికెడిది భాగవతం. ఇక్కడ వేదాంతానికి చోటు లేదు.

వంశధార:
పద్యం సంగతి పెద్దలు చూసుకుంతారు గానీ మాస్టారూ, ఆ డబ్బా ఎక్కడ పెట్టీసినారు? టీవీ కింద అలమరలో తోసి అద్దం తలుపు మూసీసినారంటే అది పలికించీది కాదు, పొగలు కక్కీది అవుతాది. పైన జానెడు ఖాళీ ఉండాల. నాది ఏ కంపెనీయో చెప్పను, వేడికే సగం పోనాది. మిగిలిన సగం, పిడుగుల రాత్రి ప్లగ్గు పీకకపోబట్టి పోనాది. హెచ్‌డీఎంఐ బోర్డు. స్పీకర్లకి సౌండొస్తాది, టీవీలో బొమ్మ రాదు. మాది పలాస పక్కన. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరవాత కరెంటు వచ్చినప్పుడు వోల్టేజీ ఎలగ ఎగిరీదో మా ఊరోళ్ళని అడగండి. అప్పుటినుంచి స్టెబిలైజరు లేకుండా మిక్సీ కూడా పెట్టను.

మూడు లాంతర్లు:
అలమరలోనే ఉంది. ఇప్పుడే తలుపు తీసి వచ్చాను. ధన్యవాదాలు బాబూ.

ఇంకో చిత్రం. ఆ రిసీవరుతో చిన్న మైకు వచ్చింది. మనం కూర్చునే చోట, చెవి ఎత్తున పెట్టమంటుంది. ఒక్కో స్పీకరు నుంచీ కూయ్‌మని కిందనుంచి పైకి ఎగబాకే కూత వేస్తుంది, విని లెక్కలు కట్టుకుంటుంది. అలా ఎనిమిది చోట్ల. ఆ సేపంతా ఫ్యాను ఆపి, మా ఆవిడని కుక్కరు పెట్టొద్దని బతిమాలుకున్నాను. చివరికి సబ్‌ఊఫరు పదమూడు అడుగుల దూరంలో ఉందని తేల్చింది. నేను టేపు పెట్టి కొలిస్తే ఏడడుగులు. టేపుకి ఏడు, చెవికి పదమూడు. నా పద్యం తగువే మళ్ళీ.

కందం గిలకలు:
దాన్ని సరిదిద్దకండి. అది అబద్ధం చెప్పలేదు. అది కొలిచింది దూరం కాదు, ఆలస్యం. సబ్‌ఊఫరు లోపల వడపోత సర్క్యూట్లు ఉంటాయి, శబ్దం అక్కడ కాస్త నిలబడి బయటికి వస్తుంది. అడుగు నడవడానికి శబ్దానికి సుమారు ఒక మిల్లీసెకను. ఆ లెక్కన ఐదారు మిల్లీసెకన్లు ఆలస్యమైతే దాన్ని ఐదారు అడుగుల దూరంగా చూపిస్తుంది. మీరు ఏడని రాశారో, మిగిలినవాటితో తాళం తప్పుతుంది.

పెద్దచెరువు:
చూశారా. చెవి చెప్పిందే సరి. విభుండు.

ఏడురోడ్లు:
ఎక్కడి నుంచి ఎక్కడికి దూకారండీ! అసలు కందంగారు చెప్పింది మీకే ఎదురు. అచ్చుపాఠం ఏడడుగులు. అది మూడు తరాల గొంతుల్లో నలిగి బయటికి వచ్చేసరికి ఆలస్యమై విభుడైంది.

నాగావళి:
ఇద్దరికీ జోహార్లు. ఒక అడుగు పక్కకి. ఆ పెట్టెని ‘రిసీవరు’ అని ఎందుకన్నారు? పాతకాలపు వాటిలో రేడియో ట్యూనరు కూడా కలిసి ఉండేది, గాలిలోంచి అందుకునేది కనక ఆ పేరు. ఇప్పుడు రేడియో ఎవరూ పెట్టుకోరు, పేరు మాత్రం మిగిలింది. అందుకునేది అని పేరు, చేసేది పలికించడం. ‘గ్రాహకం’ అని పుస్తకాల్లో రాసేవాళ్ళు ఆ పాత పేరుకే సంస్కృతం తొడిగారు. బిగించే కుర్రాడే నయం, చేసే పనిని బట్టి ప్రేరణార్థకంలో చెప్పాడు. పలుకు, పలికించు. చిన్నయసూరి వింటే వాడికి మార్కులు వేసేవాడు.

పెద్దచెరువు:
విజయనగరంలో ఉండి మాట కోసం చిన్నయసూరి దాకా పోవడం దేనికి? ఆదిభట్ల నారాయణదాసుగారి "సీమపల్కువహి" ఉంది. అచ్చతెలుగు నిఘంటువుకి ఆయన పెట్టుకున్న పేరులోనే పల్కు ఉంది. ఇంకో సంగతి. ఐదు స్పీకర్ల దానికి పేరు కావాలంటే ఆయన దగ్గరే ఉంది: పంచముఖి. రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, ఐదింటితో ఐదు తాళాలు వేస్తూ నోటితో పాడేవారు. ఒక్క మనిషి. సంగీత కళాశాలకి మొదటి అధ్యక్షుడు. ఆయనకి మైకు పెట్టి కొలిచే పనిలేదు, ఐదూ ఒకే చోట సమంలో కలిసేవి. మన పెట్టెలకి ఐదు గొంతులు కలపడానికి పావుగంట కూతలు కావాలి.

ఏడురోడ్లు:
దాసుగారి మాటకొస్తే నోరెత్తను. పంచముఖి ఒప్పుకున్నాను. మరి ఇలాంటి సెట్టుని 5.1 అంటారు కదా, అందులో ఆ చుక్క ఒకటిని ఏమందాం? మా బావమరిది అది పదోవంతు స్పీకరని నమ్ముతాడు.

కందం గిలకలు:
అరసున్న.

నాగావళి:
!!

కందం గిలకలు:
హాస్యానికి అనలేదు. సబ్‌ఊఫరుకి వెళ్ళేది బాగా కింది స్థాయి శబ్దం (బేస్) మాత్రమే. మామూలుగా 80 హెర్ట్జ్ దగ్గర గీత గీస్తారు. అంత కింది శబ్దం ఏ మూల నుంచి వస్తోందో చెవి పట్టుకోలేదు. ఉందని తెలియదు, తీసేస్తే మాత్రం బోసిగా ఉంటుంది. అరసున్న లక్షణం అదే కదా. ఈ పద్యంలోనే చూడండి: అఁట, వాఁడు, నేఁ. ఇప్పుడు ఎవరూ పలకరు, కానీ "నేఁ" పక్కన "పలికిన" కాస్తా "బలికిన" అయింది. పని చేసి చూపించింది.

వంశధార:
మా ఇంట్లో అరసున్న నిండుసున్న అయిపోనాది బావూ. సబ్బు, అదే సబ్‌ఊఫరు, ఆన్ చేస్తే సినిమా లేకపోయినా గుయ్యిమని ఒకటే మోత. టీవీకి కేబుల్ వైరు, డబ్బాకి ఇంకో ప్లగ్గు, రెండు ఎర్తులు. రెండూ ఒకే బోర్డు మీదకి మార్చి, కేబుల్ వైరు పీకి చూసినాను. మోత పోనాది. ముందు మెకానిక్కు సబ్బే మార్చీమన్నాడు.

ఇంకోటి. డైలాగులు వినపడ్లేదని మా నాయన తిట్టీవాడు. పాటకి ఇల్లు ఎగిరిపోద్ది, మాటకి చెవి రిక్కించాల. సెంటర్ స్పీకరు ఒక్కదాన్ని మూడు డెసిబెల్స్ పెంచినాను. ఇంక తిట్లేదు.

మూడు లాంతర్లు:
మా ఇంట్లోనూ అదే గొడవ. అన్నట్టు వాల్యూమ్ మైనస్ ఇరవై అని చూపిస్తుంది, మా ఆవిడ "అప్పు పెట్టి కొన్నట్టుంది" అంటోంది.

అసలు విషయం. మా నాన్నగారి గొంతు క్యాసెట్ ఒకటి ఉంది. ఎనభైల్లో మా మేనమామ రికార్డు చేశాడు, ప్రథమ స్కంధంలోవి కొన్ని పద్యాలు. ఈ పద్యం అందులో ఉండాలి. పాత డెక్కు బెల్టు మార్పించాను. రేపు దీనికే కలిపి వింటాను.

పెద్దచెరువు:
రేపటి దాకా ఎందుకు? ఈ రాత్రికే వినండి. విభుండు అని రాగానే ఇక్కడ రాయండి.

కందం గిలకలు:
వినేటప్పుడు ‘సరౌండ్’ మోడ్ వద్దు, ‘డైరెక్ట్’లో పెట్టండి.

మూడు లాంతర్లు (మర్నాడు):
రెండూ చేశాను. ముందు పొరపాటున సరౌండ్‌లోనే వేశాను. నాన్నగారి గొంతు సరిగ్గా టీవీ కింద సెంటర్ స్పీకరులోంచి వచ్చింది. టేపు రొద సగం వెనక స్పీకర్లలోకి వెళ్ళిపోయింది. ముందు మనిషి, వెనక వాన. పోయి పదిహేనేళ్ళయింది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చెంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయింది. సారీ కందంగారూ, డైరెక్ట్‌లోకి మార్చడానికి కాసేపు చెయ్యి రాలేదు.

పద్యం ఉంది. మొదటి పాదం శుభ్రంగా ఉంది. రెండో పాదం "పలికించ్" దాకా ఉంది. అక్కడ టేపు ఎప్పుడో తెగితే సెల్లోటేపుతో అతికించారు. అతుకు దాటాక "డు రామభద్రుండట". మధ్యది లేదు. మూడుసార్లు వెనక్కి తిప్పాను, నాలుగోసారి తిప్పడానికి భయమేసింది.

ఏడురోడ్లు:
అయ్యో. "చ" వినిపించింది కదా, దాని అచ్చు? చెనా, చునా?

మూడు లాంతర్లు:
చకారం తగిలీ తగలకముందే అతుకు.

నాగావళి:
అటు చివర చూడండి. "డు"కి ముందు ముక్కుధ్వని ఏమైనా మిగిలిందా? ఉంటే "విభుండు". లేకపోతే "వాడు".

మూడు లాంతర్లు:
వాల్యూమ్ మైనస్ పదికి పెంచి విన్నాను. ముక్కుధ్వని ఉంది. పల్చగా ఉంది, కానీ ఉంది.

పెద్దచెరువు:
నేను మొదటిరోజే చెప్పాను.

కందం గిలకలు:
ఆగండి. మాస్టారూ, మీ నాన్నగారు అరసున్న పలికేవారా?

మూడు లాంతర్లు:
పలికేవారు. "వాఁడు" అంటే ముక్కులోంచే వచ్చేది. నా పేరు పిలిచినా అంతే, లేని సున్న పెట్టి పిలిచేవారు.

ఏడురోడ్లు:
హమ్మయ్య.

పెద్దచెరువు:
హమ్మయ్య ఏమిటండీ, తేలితే కదా?

నాగావళి:
ఆ నాలుగు మాత్రలూ పూరించడానికి గంగన, సింగన, నారయల్లో ఎవరినో ఒకరిని పిలవాలి. పోతన భాగవతంలో శిథిలమైన చోట్ల అతుకులు వేసినవాళ్ళు, ఈ పని వాళ్ళకి కొత్త కాదు.

ఏడురోడ్లు:
అదే మాట మీదికొస్తే, వెలిగందల నారయ పూరించిన స్కంధాల్లో "విభుండు" ఎక్కువో "వాడు" ఎక్కువో ఎవరైనా చూశారా? నాకో ఊహ ఉంది, రేపు రాస్తాను.

వంశధార:
మాస్టారూ, ఆ క్యాసెట్ మళ్ళీ తిప్పకండి. ముందు ఫోన్లోకో కంప్యూటర్లోకో ఎక్కించీండి. డెక్కు వెనకాల లైన్ అవుట్ ఉంతాది, వైరు నా దగ్గర ఉన్నాది. ఆదివారం విజీనారం వస్తన్నాను, పట్టుకొస్తాను.