ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) పోయిందంటున్నారు: కొత్తది కొనాలా, పాతదే బాగు చేయించాలా?

వేపచెట్టు నీడ (రాజమహేంద్రవరం)

నాది 2016 నాటి డీజిల్ హ్యాచ్‌బ్యాక్. వానలు పట్టుకున్న దగ్గర్నుంచి మొరాయిస్తోంది. సెల్ఫ్ చక్కగా తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. తాళం తిప్పగానే వెలగాల్సిన చెక్ ఇంజిన్ దీపం కూడా వెలగడం లేదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు లాగించుకుని వెళితే స్కానర్ తగిలించి, "ఈసీఎం పలకడం లేదు, మార్చాల్సిందే" అన్నారు. అంచనా 58 వేలు. సొమ్ము ముందే కట్టాలి, తెప్పించాక వెనక్కి తీసుకోరు. విజయవాడ ఆటోనగర్‌లో ఒకాయన బోర్డు విప్పి 9 వేలకు బాగు చేస్తానంటున్నారు. మా ఇంట్లో ఇప్పటికే రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ఏది మేలు?

మీటరు మాస్టారు

ప్రస్తుతానికి రెండూ వద్దు. స్కానర్‌కు బదులివ్వనంత మాత్రాన ఈసీఎం చచ్చిందని తేల్చేయడం ఏ లెక్క? బ్యాటరీ కరెంటు అందకపోయినా బదులివ్వదు. మెయిన్ రిలే పట్టకపోయినా, ఎర్త్ చిలుము పట్టినా అంతే. ఇవి కాక అందరూ మరిచిపోయేది ఒకటుంది. చాలా సెన్సర్లకు ఈసీఎం 5 వోల్టుల సరఫరా ఇస్తుంది. వాటిలో ఏ ఒక్కటి లోపల షార్ట్ అయినా ఆ 5 వోల్టులు కూలిపోవచ్చు. చాలా కార్లలో అప్పుడు దీపం వెలగదు, స్కానర్ మాట్లాడదు, ఇంజిన్ అందుకోదు. డీజిల్ గొట్టంలో ఒత్తిడిని కొలిచే రైల్ ప్రెషర్ సెన్సరో మరొకటో ఊడబీకగానే దీపం టక్కున వెలిగిన బండ్లు నేను చూశాను. రెండు మూడు వేల సెన్సరుతో పోయేదానికి 58 వేలు పోయడమా?

ఎర్త్ పరీక్షలో ఒక మెలిక ఉంది. మీటరును ఓమ్స్‌లో పెట్టి "బీప్" వినిపించగానే బాగుందనుకుంటారు. తీగలో ఒక్క పోగు మిగిలి ఉన్నా బీప్ వస్తుంది, కానీ ఆ పోగు కరెంటు మోయలేదు. అందుకని ఈసీఎం సాకెట్ విప్పి, పాజిటివ్ పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలించండి. నిండుగా వెలగాలి. ఆ తర్వాత సాకెట్ పెట్టేసి, సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ నెగెటివ్‌కూ ఈసీఎం ఎర్త్ పిన్నుకూ మధ్య వోల్టేజి చూడండి. 0.1, మహా అయితే 0.2 దాటకూడదు.

ఇవన్నీ బాగుంటే క్యాన్ తీగలు, అంటే బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగలు, మిగులుతాయి. బ్యాటరీ తీసేసి స్కానర్ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే మామూలుగా 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక చివర తెగిపోయినట్టే.

సర్వీస్ బే

నేను ఒక కంపెనీ సర్వీస్ సెంటర్‌లో టెక్నీషియన్‌ను. మాస్టారు చెప్పిన పరీక్షలు మాకు తెలియనివి కావు, మా మాన్యువల్‌లోనే ఉంటాయి. వైరింగ్ వెతకడానికి సగం పూట పడుతుంది. బిల్లులో "పరీక్షకు రెండు వేలు" అని రాయగానే కౌంటర్ దగ్గర గొడవ మొదలవుతుంది. "ఏమీ మార్చకుండా డబ్బులేమిటండీ?" అంటారు. అదే కస్టమరు డబ్బాలో వచ్చిన కొత్త పార్టుకు 58 వేలు కిక్కురుమనకుండా కడతారు. వెతకడానికి విలువ ఇవ్వని చోట ఎవరైనా పార్టులే మారుస్తారు. తప్పంతా మా మీద వేయకండి.

ఇంకొక మాట. పీ0606, పీ0601 లాంటి కోడ్లు వస్తే అవి ఈసీఎం తన లోపలి లోపాన్ని తనే చెప్పుకున్నవి. అప్పుడు కూడా ముందు కరెంటు, ఎర్త్ చూస్తాం గానీ తర్వాత ఊరికే తాత్సారం చేయం.

పాత జీపు

వెతికే కూలి ఇవ్వరనేది నిజమే, ఒప్పుకుంటాను. అలాగని కొన్న పార్టు వెనక్కి తీసుకునేది లేదనే నియమం పెట్టి, అంచనా తప్పితే భారమంతా కస్టమరు నెత్తిన వేయడం ఏ న్యాయం? పరీక్షకు రెండు వేలు ముందే చెప్పి తీసుకోండి. పార్టు మార్చాల్సి వస్తే బిల్లులో తగ్గించండి. నేనైతే సంతోషంగా ఇస్తాను.

మూడో దారి గురించి ఎవరూ మాట్లాడలేదు. చెన్నై పుదుపేటలో, ఢిల్లీ మాయాపురిలో తుక్కు బండ్ల ఈసీఎంలు దొరుకుతాయి. అదే పార్ట్ నంబరుది పది వేలకు తెచ్చి తగిలిస్తే సరిపోదా?

టంకం పని

సరిపోదు. నేను చేసే పని ఈసీఎం బోర్డులు బాగుచేయడమే కాబట్టి చెబుతున్నాను. తాళంలోని చిప్పు, బాడీ మాడ్యూలు (తలుపులు, దీపాలు చూసుకునే కంప్యూటర్), ఈసీఎం ఒకదానికొకటి రహస్య సంఖ్యతో ముడిపడి ఉంటాయి. పరాయి బండి ఈసీఎం పెడితే సెల్ఫ్ తిరుగుతుంది, ఇమ్మొబిలైజర్ (దొంగతనాన్ని అడ్డుకునే ఏర్పాటు) దీపం మినుకుమినుకుమంటూ కూర్చుంటుంది. కొన్ని మోడళ్లలో పాత ఈసీఎంలోని సమాచారమంతా చదివి దీనిలోకి ఎక్కిస్తే పని చేస్తుంది, కానీ పాతది చదవగలిగే స్థితిలో ఉండాలి. డీజిల్ బండికి ఇంజెక్టర్ కోడ్లు కూడా సరిపోవాలి. డీజిల్‌ను సిలిండర్లలోకి చిమ్మే ఇంజెక్టర్లలో ఏ రెండూ అచ్చంగా ఒకేలా పోయవు. ఆ తేడాను సరిదిద్దే అంకెలు ఈసీఎంలో ఉంటాయి. అవి తప్పితే ఇంజిన్ నిలకడగా తిరగదు, టకటకమంటుంది. బీఎస్6 బండ్లలో డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే జల్లెడ) మసి, బూడిద ఎంత పేరుకుందన్న లెక్క కూడా అందులోనే. ఇవన్నీ కాక, ఆ తుక్కు పార్టు దొంగ బండిది కాదని ఎవరు హామీ ఇస్తారు?

వేపచెట్టు నీడ

మా వీధి ఎలక్ట్రీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మాస్టారు చెప్పినట్టే చేశాం. బల్బు నిండుగా వెలిగింది. సెల్ఫ్ కొడుతుంటే ఎర్త్ మీద 0.05. క్యాన్ 60. సెన్సరు సాకెట్లలో 5 వోల్టులు ఉండాల్సిన తీగ మీద 0.4 ఉంది. సెన్సర్లన్నీ ఒక్కొక్కటే ఊడబీకినా అది కదల్లేదు. చివరికి ఈసీఎం సాకెట్ విప్పి ఆ తీగకూ బాడీకీ మధ్య కొలిచాం. షార్ట్ లేదు. సాకెట్ కింది మూల రెండు పిన్నుల చుట్టూ పచ్చటి చిలుము ఉంది, గోరుతో గీకితే పొడిలా రాలింది.

సర్వీస్ బే

అంటే ఈసీఎం పోయినట్టే. మేం అదే చెప్పాం.

మీటరు మాస్టారు

జవాబు కలిసింది, లెక్క చేయలేదు. పరీక్షలో మార్కులు వేయను.

తీగ బాగుంది, సెన్సర్లు లేవు, అయినా 5 వోల్టులు లేవంటే లోపం బోర్డులోనే. ఇప్పుడు అసలు ప్రశ్న: ఆ నీరు ఎక్కడిది? ఈసీఎం ఇంజిన్ గదిలో వెనక గోడకు ఉందా? వైపర్ల కింద నల్ల ప్లాస్టిక్ జాలీ తీసి చూడండి. మీ పేరును బట్టి బండి ఎక్కడ ఉంచుతారో ఊహించగలను. వేపాకు మెత్తబడి అక్కడ వాన నీరు బయటికి పోయే గొట్టాలను మూసేస్తుంది. నీరు అంచు పొర్లి, తీగల కట్ట వెంబడి జారి నేరుగా సాకెట్‌లోకి దిగుతుంది. దీన్ని కనిపెట్టకుండా కొత్తది పెట్టి ఉంటే 58 వేల డబ్బా కూడా వచ్చే ఏడాది వానల్లో అదే నీరు తాగేది. సర్వీస్ బే గారి అంచనా కాగితం మీద ఈ సంగతి ఎక్కడైనా ఉందా?

సర్వీస్ బే

ఆ బండి నా చేతికి రాలేదు. వచ్చి ఉంటే సాకెట్ విప్పకుండా ఆర్డర్ పెట్టేవాడిని కాదు. ఆ మేరకు మీ మాట సరే.

డాలస్ డ్రైవర్

ఈసీఎంలు అసలు పోవు, మెకానిక్‌లే చంపుతారు అనుకునేవాళ్ల కోసం ఒక ముక్క. 2010 ఆగస్టులో టొయోటా అమెరికా, కెనడాల్లో 2005–2008 మోడళ్ల కరోలా, మ్యాట్రిక్స్ కార్లను సుమారు 11 లక్షల 30 వేలు వెనక్కి పిలిచింది. ఈసీఎం బోర్డు మీద టంకం అతుకుల్లోనో వేరిస్టర్లలోనో (వోల్టేజి ఒక్కసారిగా ఎగిస్తే బోర్డును కాపాడే ముక్కలు) పగుళ్లు రావచ్చని, ఇంజిన్ నడుస్తూనే ఆగిపోవచ్చని చెప్పింది. 1990ల నాటి మిత్సుబిషి బండ్లలోనైతే కెపాసిటర్లు కారి, ఆ రసం బోర్డు మీది రాగి గీతలను తినేసేది. కాబట్టి పోతాయి, నిజంగానే పోతాయి.

నా ఓటు కొత్తదానికే. అతికించిన బోర్డు ఎండకు వేడెక్కి, రాత్రికి చల్లబడి మళ్లీ ఎప్పుడు పగులుతుందో తెలియదు. ఇక్కడ ఫ్రీవే మీద 70 మైళ్ల వేగంలో ఇంజిన్ ఆగితే 9 వేలకూ 58 వేలకూ తేడా గుర్తుకు రాదు.

టంకం పని

పగులు వేరు, చిలుము వేరు. డాలస్ గారు చెప్పిన పగుళ్ల విషయంలో నేనూ జాగ్రత్తగానే ఉంటాను. ఇక్కడ నీరు సాకెట్ దగ్గర దూరింది. మూత చుట్టూ ఉన్న జిగురును వేడి చేసి లేపుతాం. భూతద్దం కింద చూస్తే నీరు ఎంతవరకు పాకిందో పచ్చగీత చెబుతుంది. 5 వోల్టులు ఇచ్చే చిప్పు వరకే అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆ చిప్పు మార్చి, తినేసిన గీతను సన్నతీగతో కలిపి, పైన రక్షణ పూత వేసి మూసేస్తాం. వేడిగాలి కొడుతూ బల్ల మీద గంటల తరబడి నడిపించాకే ఇస్తాం. తాళం లెక్కలు, ఇంజెక్టర్ లెక్కలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి.

పచ్చగీత ప్రాసెసర్ కాళ్ల దాకా వెళ్తే నేను ఒప్పుకోను. తెల్లటి జెల్ నింపి, వెంట్రుకంత తీగలతో కుట్టిన పింగాణీ బోర్డులనూ ముట్టుకోను. ఎవరైనా వాటిని కూడా "చేసేస్తాం" అంటే అక్కడినుంచి లేచి రండి. ఆటోనగర్ ఆయనను ఒక్కటి అడగండి: విప్పి చూశాక కాదనే హక్కు ఆయనకు, చూడటానికి మాత్రమే రుసుము ఇచ్చి వెనక్కి తెచ్చుకునే హక్కు మీకు ఉంటాయా అని.

పాత జీపు

బీమాకు పెట్టుకోవచ్చు కదా?

సర్వీస్ బే

వరద నీట మునిగితే సొంత నష్టం కింద పెట్టుకోవచ్చు. ఆకులు అడ్డుపడి నీరు కారడం, ఎలక్ట్రికల్ పార్టు దానంతట అది చెడిపోవడం మామూలు పాలసీలో నిలవడం కష్టం. సర్వేయరు వచ్చి చిలుము చూడగానే పాతదంటారు.

వేపచెట్టు నీడ

జాలీ తీశాను. మాస్టారు అన్నట్టే గొట్టం నిండా ఆకు, అది ఎరువైపోయి ఉంది. పుల్లతో తీసి, వైపర్ల దగ్గర ఒక చెంబు నీళ్లు పోసి చూశాను. ఇప్పుడు చక్రం వెనకనుంచి పోతోంది, తీగల వైపు చుక్క రావడం లేదు.

ఈసీఎం ఆటోనగర్‌కు పంపుతున్నాను. ఆయన టంకం గారు చెప్పిన షరతుకు ఒప్పుకున్నారు. ఆరు నెలల గ్యారంటీ కాగితం మీద రాసిస్తానన్నారు. పచ్చగీత ప్రాసెసర్ దాకా పోయి ఉంటే కొత్తదే కొంటాను. కాకపోతే 49 వేలు నా దగ్గరే ఉంటాయి.

సర్వీస్ బే

మీ బండి, మీ ఇష్టం. నేనైతే ఒప్పుకోను. రాత్రివేళ కొవ్వూరు వంతెన మధ్యలో పిల్లలతో సహా ఆగిపోతే ఆ గ్యారంటీ కాగితం వచ్చి బండిని నెట్టదు. కనీసం మొదటి రెండు నెలలు దూర ప్రయాణాలు పెట్టుకోకండి.

ఒకవేళ కొత్తదే పెట్టించాల్సి వస్తే రెండు పనులు. నాలుగు ఇంజెక్టర్ల తలల మీదున్న కోడ్లను ఇప్పుడే ఫోటో తీసి, ఏది ఎన్నో సిలిండరుదో రాసి పెట్టుకోండి. ఈసీఎంలోకి ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు బ్యాటరీకి ఛార్జర్ తగిలించి ఉందో లేదో మీరే నిలబడి చూడండి. మధ్యలో వోల్టేజి పడిపోతే కొత్త ఈసీఎం కూడా అక్కడికక్కడే మూగబోతుంది. అప్పుడు బిల్లు ఎవరిదన్న గొడవ మళ్లీ మొదలు.