ఒంట్లోంచి దానంతటదే వచ్చే అల్ట్రాసౌండ్‌తో లోపలి టెంపరేచర్ కొలవొచ్చా?

బయోమెడ్_ఫైనలియర్:
అందరికీ నమస్తే. ఫైనలియర్ ప్రాజెక్ట్ కోసం వెతుకుతుంటే పాసివ్ అకౌస్టిక్ థర్మోమెట్రీ అని కనిపించింది. స్కానింగ్‌లోలా మనం సౌండ్ పంపక్కర్లేదంట, శరీరమే అల్ట్రాసౌండ్ వదుల్తుందంట, అది పట్టుకుంటే లోపల ఎంత వేడి ఉందో తెలుస్తుందంట. నిజమేనా? నిజమైతే హాస్పిటల్స్‌లో ఎందుకు కనపడదు?

నాయిస్_ఇంజనీర్:
నిజమే తమ్ముడూ. వేడి ఉన్న ప్రతి వస్తువులోనూ అణువులు కదుల్తూనే ఉంటాయి, ఆ కదలికే అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ సన్నటి నాయిస్‌గా బయటికొస్తుంది, అందులో 1 నుంచి 3 మెగాహెర్ట్జ్ ముక్క మనకి పనికొస్తుంది. దాని పవర్ టెంపరేచర్‌కి నేరుగా అనుపాతంలో ఉంటుంది. 1980ల్లో అరిజోనా యూనివర్సిటీలో బోవెన్ దీని మీద పనిచేశారు, మాస్కోలో పాసెచ్నిక్ వాళ్ళ గ్రూప్ కూడా చాలా చేసింది.

కష్టం ఎక్కడంటే లెక్కేసి చూడు. 310 కెల్విన్ (అంటే మన ఒంటి 37 డిగ్రీలే), 1 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ (మనం వినే ఫ్రీక్వెన్సీల వెడల్పు) అంటే వచ్చే పవర్ సుమారు 4 ఫెమ్టోవాట్లు (ఒక ఫెమ్టోవాట్ అంటే వాట్‌లో వెయ్యి లక్షల కోట్ల వంతు), అందులో ఒక డిగ్రీ తేడా అంటే 0.3 శాతం మార్పు. అంతా పర్ఫెక్ట్‌గా ఉన్నా ఒక సెకను వింటే 0.3 డిగ్రీ దాకా ఊగుతుంది, యాంప్లిఫయర్ తన నాయిస్ కూడా అంతే కలిపితే అది 0.6 అవుతుంది, పది సెకన్లు యావరేజ్ చేస్తే 0.2కి దిగుతుంది. అంటే ఓపిగ్గా వింటే వస్తుంది, కానీ పేషెంట్ కదలకూడదు.

ఓటీ_సిస్టర్:
నేను ఆపరేషన్ థియేటర్‌లో చేస్తానండి. ఇలాంటిది వస్తే మాకు చాలా మేలు. అనస్థీషియాలో పేషెంట్ 36 కిందకి జారిపోకుండా చూడాలి, అందుకు గొంతులోంచి ప్రోబ్ వేస్తాం, నుదుటి మీద గన్ పెడితే చర్మం సంగతే తెలుస్తుంది. క్యాన్సర్‌కి హైపర్‌థెర్మియా, అంటే గడ్డని వేడి చేసే చికిత్స, ఇచ్చేటప్పుడైతే గడ్డలో వేడి ఎంతుందో చూడ్డానికి లోపలికే ప్రోబ్ గుచ్చుతారు, పక్కనున్న మంచి కణజాలం కాలకూడదు కదా. పాపం ఆ నొప్పి చూడలేం. ఊపిరితిత్తుల దగ్గర కూడా పనిచేస్తుందా ఇది?

నాయిస్_ఇంజనీర్:
చెయ్యదు సిస్టర్, గాలి సౌండ్‌ని అడ్డుకుంటుంది, ఎముక కూడా బాగా తినేస్తుంది. కాలేయం, రొమ్ము, కండ లాంటి మెత్తటి చోట్లే. అక్కడ కూడా చర్మానికీ సెన్సర్‌కీ మధ్య జెల్ రాయాల్సిందే.

అసలు చిక్కు లోతు. మెత్తటి కణజాలంలో సెంటీమీటరుకి, మెగాహెర్ట్జ్‌కి దాదాపు 0.5 డెసిబెల్ పోతుంది, అంటే 5 సెంటీమీటర్ల లోతు నుంచి 2 మెగాహెర్ట్జ్ సౌండ్ మూడో వంతు బయటపడుతుంది, అదే 5 మెగాహెర్ట్జ్ అయితే 6 శాతమే. మనకొచ్చేది అన్ని లోతులూ కలిసిపోయిన ఒకే అంకె, అందుకే రెండు మూడు ఫ్రీక్వెన్సీల్లో విని, తక్కువది లోతు గురించి ఎక్కువ చెప్తుంది, పెద్దది పై పొర గురించి చెప్తుంది అన్న తేడాతో వెనక్కి లెక్కకట్టాలి. ఈ లెక్క చాలా మొండిది, కొలతలో కొంచెం తప్పు ఉంటే లోపలి టెంపరేచర్ ఎక్కడికో పోతుంది. హాస్పిటల్లోకి రాకపోవడానికి నా ఉద్దేశంలో ఇదే పెద్ద కారణం.

బయోమెడ్_ఫైనలియర్:
అన్నా, మరి ప్రాజెక్ట్ మానేయమంటారా?

నాయిస్_ఇంజనీర్:
వద్దు, మనిషిని వదిలెయ్, టబ్బులో నీళ్ళు పోసి మధ్యలో వెచ్చటి అగర్ (జెల్లీలా గడ్డకట్టే పదార్థం) ముద్ద పెట్టు. సెన్సర్ కూడా వేడి వస్తువే, దాని సొంత నాయిస్ కూడా వస్తుంది కాబట్టి టెంపరేచర్ తెలిసిన ఇంకో నీళ్ళ గిన్నెకీ ముద్దకీ మార్చి మార్చి చూసి తేడా తియ్యి. రాగి డబ్బాలో షీల్డింగ్ మాత్రం గట్టిగా చెయ్యి, మీడియం వేవ్ రేడియో 1.6 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది, విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్‌లోనే, వైరు కొంచెం బయటికి ఉన్నా నీ ఫెమ్టోవాట్లు అందులో మునిగిపోతాయి. ఛార్జర్లలో ఉండే ఎస్ఎంపీఎస్‌లు (స్విచింగ్ పవర్ సప్లైలు, అవీ నాయిస్ వదుల్తాయి) కూడా పక్కన పెట్టకు, బ్యాటరీ మీద నడుపు. ముద్ద 40 నుంచి 30కి చల్లారుతుంటే నీ గ్రాఫ్ కూడా థర్మామీటర్‌తో పాటు దిగిందంటే ఫైనలియర్‌కి అది చాలు, ఆ గ్రాఫ్ ఇక్కడ పెట్టు, చూస్తాం.